మూడు వందల అడుగులు

అవునని ఒక్క మాట అంటే ఏం పోయేది బాబాయ్ మీకు?

మూడక్షరాలు. పక్షవాతం వచ్చాక మీకు తడబడకుండా పలికే మాటల్లో అదొకటి. టీ తాగారా అంటే అవును. పిన్ని బయట కూర్చుందా అంటే అవును. ఆ తనిఖీ ఆఫీసరు అడిగినప్పుడు మాత్రం ఆ మాటే నోట్లోంచి రాలేదు. వేరే మాటలు మాత్రం శుభ్రంగా వచ్చాయి. ఎనిమిది నెలల్లో మీరంత స్పష్టంగా మాట్లాడగా నేను వినలేదు.

సరే, లేవండి. ఇవాళ మీ ఆఖరి కొలత తీసి పంపమన్నారు. తీద్దాం, తీసి పంపుదాం, వాళ్ళ కడుపు చల్లబడుతుంది. నడుముకి బెల్టు బిగుతైందా? ఉండనీండి. ముందు కర్ర, తర్వాత ఎడం కాలు, తర్వాత కుడి కాలు. వాచీ నొక్కాను. ఆరు నిమిషాలు. కదలండి.

ఏంటి, అలా వెనక్కి చూస్తారు? మాట్లాడొద్దనా? తెలుసు బాబాయ్. మీరు అడుగులు లెక్కపెట్టుకుంటుంటే నేను నోరెత్తకూడదు. ఎనిమిది నెలలు ఎత్తలేదు కూడా. ఈ బెల్టు పట్టుకుని మీ వెనకాల పిల్లిలా నడిచాను.

పటాలంలో మీ పనే అది కదా, గస్తీలో అందరికన్నా వెనక నడుస్తూ అడుగులు లెక్కపెట్టడం. వందయ్యేసరికి ఒక అగ్గిపుల్ల ఈ జేబులోంచి ఆ జేబులోకి. మీ లెక్క తప్పితే ముప్ఫై మంది దారి తప్పుతారు. ఈ ఆసుపత్రికి నడక నేర్చుకోవడానికి వచ్చిన మొదటి రోజే చెప్పారు, నేను మురిసిపోయాను. ఇప్పటికీ వంద దగ్గర టక్కున ఒక క్షణం ఆగుతారు, జేబులో అగ్గిపుల్లలు లేకపోయినా. ఆగితే ఆగారు. ఇవాళ మాత్రం నేను ఊరుకోను. మీ లెక్క మీరు చూసుకోండి, నా కోపం నేను చూసుకుంటాను.

మడమ. ముందు మడమ ఆనించండి, వేళ్ళ మీద పడకండి.

ఏమడిగాడు ఆయన? కళ్ళజోడు దించి, రిజిస్టరు మీద వేలు పెట్టి, "పెద్దాయనా, పోయిన మంగళవారం నూట నలభై మీటర్లు నడిచారట, నిజమేనా?" అన్నాడు. మర్యాదగానే అడిగాడు. తలూపితే పేజీ తిప్పేసేవాడు. మీరేమో కుర్చీలో నిటారుగా సర్దుకుని, "కాదు సార్. మూడు వందల అడుగులు. నూట ఇరవై మీటర్లు. ఐదు వారాలుగా అంతే" అన్నారు. సార్ ఒకటి మళ్ళీ. మీ చిన్నల్లుడి వయసుంటుంది వాడికి.

అడిగింది ఒక్క మంగళవారం గురించి. ఐదు వారాల చరిత్ర ఎవరు విప్పమన్నారు మిమ్మల్ని?

కిటికీ వచ్చింది. తిరగండి. నెమ్మదిగా, చిన్న చిన్న అడుగులతో. ఆఁ, అలా.

ఈ ఎక్స్‌రే గది తలుపు నుంచి ఆ కిటికీకి ఇరవై మీటర్లు. ఐదు వారాలుగా మనం నడిచేది ఆరు సార్లు. గంట మోగేసరికి మళ్ళీ ఎక్స్‌రే తలుపు దగ్గరే తేలతాం, ఆ చీలిన అద్దం ముందే. మీరు చెప్పింది నిజమే, కాదనట్లేదు. నేను రాసిందే అబద్ధం. నూట ఇరవై, నూట ఇరవై నాలుగు, నూట ముప్ఫై, నూట ముప్ఫై నాలుగు, నూట నలభై. ఎవరి కంటికీ ఆనని అంకెలు. ఎంత పొందిగ్గా రాశాననుకున్నారు.

ఎందుకు రాశానో మీకు తెలీదా? నాలుగు వారాలు వరసగా అంకె పెరగకపోతే ఇక్కడికి రావడం బంద్ అని ఉత్తర్వు. మెరుగుపడనివాళ్ళ సమయం మెరుగుపడేవాళ్ళకి ఇవ్వాలట. కాగితం మీద ఎంత న్యాయంగా ఉంటుందో. రాసినవాడెవడో ఒక్క పూట వచ్చి ఈ బెల్టు పట్టుకుంటే తెలిసేది. మీ వయసులో, మీ కాలికి, పెరగకపోయినా తరగకుండా ఉండటానికే ఒళ్ళు హూనమవుతుంది. దానికి వాళ్ళ ఫారంలో గడి లేదు.

ఇప్పుడేమైంది? రిజిస్టరు పట్టుకుపోయాడు. నా చేతికి మెమో ఇచ్చాడు. మీతో పాటు ఇంకో నలుగురికి బంద్. ఆ నలుగురిలో ఒకడు, పటాలం బ్యాండు మాస్టారు, నిన్న నాకు ఫోన్ చేశాడు. బాకా ఊదీ ఊదీ చెవులు పోయినాయన, ఫోన్లో అరుస్తాడు. నిన్న మాత్రం మెల్లిగా అడిగాడు, "మేడం, నేను నడిచిందంతా కూడా అబద్ధమేనా?" అని. ఏం చెప్పమంటారు? కొంత నడిచారు, కొంత నేను నడిపించాను అని చెప్పనా?

ఇక గోడ మీద గీతలు కూడా గీయకూడదట. ఒక్కో చివరకి చేరగానే సుద్దముక్కతో ఒక గీత గీసుకునేదాన్ని కదా, గోడ మురికవుతోందట. దాని బదులు నొక్కితే లెక్కపెట్టే మిషనొకటి ఇస్తారట. మంజూరైందట, ఇంకా రాలేదు. వచ్చేదాకా మనసులో లెక్కపెట్టుకోమన్నారు. నా మనసులో ఇప్పుడు అంత ఖాళీ ఎక్కడేడ్చింది?

తిరగండి. కర్ర దూరం పెట్టకండి.

నిన్న మెమో తీసుకెళ్ళి మా ఆయనకి చూపించాను. ఓదారుస్తాడనుకున్నాను, నా పిచ్చి కాకపోతే. చదివి, మడత పెట్టి చేతికిచ్చి, "ఆ పెద్దాయన మంచివాడల్లే ఉన్నాడే" అన్నాడు. ఒళ్ళు మండిపోయింది నాకు. మంచివాడే. మంచివాళ్ళతోనే వచ్చింది చావంతా.

కుర్చీ వచ్చింది, కూర్చోండి. ఎప్పుడూ సగంలో ఒక నిమిషం కూర్చునేదే కదా. వద్దా? రోషం వచ్చిందా? వస్తే రానీండి, నాకూ వచ్చింది. నడవండి మరి.

అబద్ధాలు రాయడం నాకు సరదా అనుకుంటున్నారేమో. మీకు ముందు ఒక వంటాయన వచ్చేవాడు. పటాలంలో మూడొందల మందికి వండినాయన, భుజాలు ఇంతింత ఉండేవి. తొంభై ఆరు మీటర్లు నడిచేవాడు. నాలుగు వారాలు తొంభై ఆరే. అప్పట్లో నేనూ మీలాంటిదాన్నే. తొంభై ఆరు, తొంభై ఆరు, తొంభై ఆరు, తొంభై ఆరు అని దస్తూరీ కుదిర్చి మరీ రాశాను. బంద్ చేశారు. ఆయన బూట్లు కట్టుకుని, "మంచిది మేడం" అని వెళ్ళిపోయాడు.

మూడు నెలలకి స్ట్రెచర్ మీద తెచ్చారు. పడుకోబెట్టినా మోకాళ్ళు కుర్చీలో కూర్చున్నట్టే ఉన్నాయి, బిగుసుకుపోయి. వీపంతా పుళ్ళు. నన్ను చూసి నవ్వాడు బాబాయ్. "ఆ తొంభై ఆరు కూడా పోయింది మేడం" అన్నాడు.

ఆ తర్వాత ఈ చేత్తో నిజం రాయబుద్ధి కాలేదు నాకు.

ఏంటి? గట్టిగా చెప్పండి, వెనక్కి వినబడట్లేదు. లెక్క తప్పితే ముప్ఫై మంది దారి తప్పుతారా? ఇక్కడ ముప్ఫై మంది ఎక్కడున్నారు బాబాయ్? మీరున్నారు, నేనున్నాను, బయట బెంచీ మీద పిన్ని ఉంది. మీ నిజంతో మనం ముగ్గురం ఏ దారిన పడ్డామో చూడండి.

పిన్ని మణికట్టుకి ఆ కట్టేంటి? నాతో తలుపు తగిలిందని చెప్పింది. ఇరవై ఏళ్ళుగా ఈ పనిలో ఉన్నాను, ఏది తలుపు తగిలిన దెబ్బో, ఏది మనిషిని లేపబోయి తెచ్చుకున్న దెబ్బో నాకు తెలీదా? స్నానాలగదిలో మిమ్మల్ని లేపబోయింది. తను నలభై ఐదు కిలోలు, మీరు డెబ్బై ఎనిమిది. ఇప్పుడైతే మీరు సగం లేస్తారు, తను సగం లేపుతుంది. ఇక్కడికి రావడం మానేస్తే ఆ సగం కూడా లేవరు మీరు. అప్పుడు లేపేదెవరు, ఆ ఆఫీసరా? పిలవండి, వస్తాడేమో. సార్ అని పిలవండి.

తిరగండి. జాగ్రత్త, నేల తడిగా ఉంది, ఇప్పుడే ఫినాయిల్ పెట్టి తుడిచారు.

నేనింత తిడుతున్నానా, ఒక్క మాట ఎదురు అనరేం? తిట్టండి నన్ను. దొంగలెక్కలు రాశావని అనండి. మీరు ఆ మాట అనుంటే నాకు సగం కోపం దిగేది. ఆ ఆఫీసరు వెళ్ళిపోయాక మీరేమన్నారు? "మేడం, మీరు ఏమీ అనుకోలేదు కదా" అన్నారు. అనుకోకుండా ఎలా ఉంటారు మనుషులు?

మోగింది. ఆగండి. గోడకి ఆనుకోండి, కుర్చీ లాగుతాను. కూర్చోండి. ఊపిరి తీసుకోండి.

ఇదేంటి?

మనం కిటికీ దగ్గరున్నాం.

ఉండండి. ఆరు సార్లయితే ఎక్స్‌రే తలుపు దగ్గర ఉండాలి. కిటికీ దగ్గరున్నామంటే ఐదన్నా నడిచుండాలి, ఏడన్నా నడిచుండాలి. ఐదెలా అవుతుంది? మధ్యలో కూర్చోలేదు మీరు. వంద దగ్గర ఆగడం, ఊఁహూ, ఆగలేదు. బెల్టు నా చేతిలో ఒక్కసారి కూడా వదులు కాలేదు. ఏడే. ఏడు ఇరవైలు నూట నలభై.

నూట నలభై బాబాయ్. పోయిన మంగళవారం నేను రాసిన అబద్ధమే, అంకెతో సహా.

ఇప్పుడు నేను రాస్తే ఎవడు నమ్ముతాడు? పాత అంకే మళ్ళీ దింపిందంటారు. గోడ మీద గీత లేదు, నేను లెక్కపెట్టనూ లేదు, నోరు చేసుకోవడమే సరిపోయింది. కానీ మీరు చెప్తే నమ్ముతారు. ఆ ఆఫీసరు ఇవాళ కూడా వచ్చాడు, సూపరింటెండెంటు గదిలోనే ఉన్నాడు. చక్రాల కుర్చీలో తోసుకెళ్తాను, రెండు నిమిషాలు. చెప్పండి, ఎన్ని అడుగులు? మూడొందల యాభయ్యా? నలభయ్యా?

లెక్కపెట్టలేదా?

మీరా?

ఎక్కడ తప్పింది? నలభై రెండు దగ్గరా? అంటే మొదటి కిటికీ దాకా కూడా రాలేదన్నమాట. ఆ తర్వాత నా మాటలు వింటూ నడిచారు. యాభై ఏళ్ళలో ఎప్పుడూ తప్పని లెక్క ఇవాళే తప్పాలి, అదీ నా నోటివల్ల. పోనీ ఉజ్జాయింపుగా చెప్పండి. నడిచారు కాబట్టే అడుగుతున్నాను, ఇది అబద్ధం కాదు. తల అలా ఊపకండి. లెక్కపెట్టని అంకె చెప్పరు. తెలుసు, చంపినా చెప్పరు.

ఇంకోసారా? కూర్చోండి కూర్చోండి. ఆ తొడ ఎలా వణుకుతోందో చూసుకున్నారా? ఇంకో రోజు చూద్దామంటే, మిమ్మల్ని ఇంటి నుంచి తెచ్చే వ్యాన్ జాబితాలోంచి ఇవాళ్టితో తీసేశారు.

నీళ్ళు తాగండి.

ఇన్నాళ్ళూ మీ కాలికి అడ్డం పడింది ఆ లెక్కే బాబాయ్. ప్రతి అడుగుకీ కాపలా కాస్తుంటే కాలు ఎలా సాగుతుంది? ఇదేమీ గొప్ప రహస్యం కాదు. మొదటి ఏడాదే నేర్పుతారు మాకు, మనిషిని మాటల్లో పెట్టి కూడా ఒకసారి నడిపించి చూడమని. ఎనిమిది నెలల్లో ఒక్కసారి చూశానా నేను?

ఎందుకు చూడలేదో చెప్పనా? రోజుకి ఇరవై మంది. ఇరవై మందినీ బతిమాలాలి, బుజ్జగించాలి, గదమాయించాలి. మీరొక్కరే నన్ను నోరు మూసుకోమన్న మనిషి. హాయిగా ఉండేది. మంగళవారం, శుక్రవారం మీ వంతు ఎప్పుడొస్తుందా అని చూసేదాన్ని. బెల్టు పట్టుకుని కళ్ళు తెరిచే నిద్రపోయేదాన్ని. అంకె కదలకపోతే ఎందుకు కదలట్లేదో బుర్ర పెట్టి ఆలోచించాలి కదా. దాని బదులు నాలుగు మీటర్లు కలిపి రాసేశాను. మీ మీద జాలి అనుకున్నాను. జాలి కాదు, బద్ధకం. ఆ వంటాయనకి ఇంకేం చేసి చూడాల్సిందో ఇప్పుడు తలుచుకుంటే భయమేస్తోంది.

ఇదిగో ఫారం. ఆఖరి కొలత, ఎన్ని మీటర్లు. ఏం రాయను? కొలవలేదనా? సరే, అదే రాస్తున్నాను, చూడండి. కొలవలేదు. కింద కారణమని ఒక గడుంది. థెరపిస్టు నోరు ఊరుకోకపోవడం వల్ల. ఏం, తప్పా? నిజమే కదా. కొలవలేదని రాస్తే మళ్ళీ పిలుస్తారో, ఇంతటితో సరి అంటారో ఆ ఉత్తర్వులో లేదు. నాకూ తెలీదు.

ఇంటి దగ్గర నడవండి. లెక్కపెట్టకండి. పిన్నిని బెల్టు పట్టుకుని వెనకాల నడుస్తూ తిట్టమనండి, ఆపకుండా, ఊపిరి సలపనివ్వకుండా. తనకి తిట్టడం రాదా? పెళ్ళయి ఇన్నేళ్ళయినా ఒక్క మాట అనలేదా మిమ్మల్ని? లోపలికి రమ్మనండి, నేర్పిస్తాను.

ఈ బెల్టు ఉంచుకోండి. ఆసుపత్రిదే. పోయిందని రాస్తాను.

అలా చూడకండి నా వైపు. ఆ ఆఫీసరొచ్చి అడిగితే ఇంట్లోనే ఉంది సార్ అంటారు, అంతేగా? అనండి. నిటారుగా కూర్చుని మరీ అనండి.