విన్నది విన్నట్టు రాసిన క్లారినెట్ గండయ్య గారు

శ్రీ గండయ్య గారు మన జిల్లా పోలీసు బ్యాండులో చేరినది 1938 అక్టోబరు ఆరవ తేదీన. ఆనాటి సర్కారు క్యాలెండరు ప్రకారం ఆయన సర్వీసు పుస్తకంలో అది 1348 ఫసలీ, ఆజూరు మాసం, మొదటి రోజుగా నమోదై ఉంది. కట్టంగూర్‌లో మగ్గాన్నే నమ్ముకొన్న కుటుంబంలో జన్మించి, నకిరేకల్ పెళ్లి బ్యాండులో క్లారినెట్ అభ్యసించి, ఇరవై అయిదేళ్ల ప్రాయంలో ధర్మపత్ని శ్రీమతి వెంకటనర్సమ్మ గారితో పాలమూరు చేరిన ఆయన, దాదాపు ముప్పై ఏళ్ల సేవానంతరం, 1968 ఆగస్టు 31న హెడ్ కానిస్టేబుల్‌గా పదవీ విరమణ చేస్తున్నారు.

మొదటి పంతొమ్మిదేళ్లు ఆయన ఒక్క కాగితం ముక్కనైనా చూడకుండానే వాయించారు. ఏ బాణీనైనా రెండుసార్లు వింటే చాలు, మూడోసారికి అది ఆయన వేళ్లలో ఉండేది. కవాతులోనైనా, అధికారుల విందులోనైనా ఆయన క్లారినెట్ తడబడినట్టు ఎరిగినవారు లేరు. అంతటి విద్వత్తు గల వ్యక్తికి 1957లో వచ్చిన ఒక ఉత్తరువు పెద్ద గండమై కూర్చున్నది. ఐదు గీతల మీద స్వరాలను చుక్కలుగా గుర్తించే నొటేషన్‌ను బ్యాండులోని ప్రతివారూ నేర్వవలెననీ, దానిని చదవడమే కాక, వినిపించిన బాణీని చెవితో పట్టి అక్కడికక్కడే రాసి చూపవలెననీ, ఏడాదిలో పరీక్ష తప్పినవారు బ్యాండు విడిచి పహరా విధులకు పోవలెననీ ఆ ఉత్తరువు సారాంశం.

అప్పటికి గండయ్య గారికి నలభై నాలుగేళ్లు. బ్యాండు మాస్టరు శ్రీ కృష్ణయ్య గారు ఓపికగా బోధించేవారు. ముందు పాట అడుగును కాలితో కొలిచి నిలువు గీతలు గీసుకోవాలి, ఆ తరువాతనే ఏ స్వరం ఎక్కడ లేచిందో, ఎక్కడ దిగిందో చుక్కలు పెట్టాలి. "సార్, వాయించుమంటే పొద్దంత వాయిస్త. గీ సుక్కలు నాకు ఎక్కుతలేవు" అని ఈయన మొర. అయినా విడిచిపెట్టలేదు. ఇంట్లో వెంకటనర్సమ్మ గారు ఇత్తడి పళ్లెం మీద తాళం కొడుతుంటే, ఆయన కూనిరాగం తీస్తూ పలక మీద చుక్కలు పెట్టేవారు.

1958 మార్చిలో పరీక్ష జరిగింది. హైదరాబాదు నుంచి వచ్చిన పరీక్షాధికారి కార్నెట్ అనే ఇత్తడి బూర మీద ఒక బాణీ వాయించారు. అది మన బ్యాండు రోజూ వాయించే కవాతు బాణీ లాగానే మొదలైంది. గండయ్య గారి ముఖం వికసించింది. అందరికంటే ముందు పెన్సిలు కింద పెట్టినది ఆయనే. తీరా చూస్తే, పరీక్షాధికారి ఆ బాణీ చివరను కావాలనే మార్చి వాయించారు. గండయ్య గారు మాత్రం పాతదే రాశారు.

"గండయ్యా, నువ్వు విని రాయలే. యాదికున్నది రాసినవ్" అన్నారు కృష్ణయ్య గారు, ఎంతో బాధతో.

క్లారినెట్‌ను స్టోరులో అప్పగించి, తుపాకి అందుకొని, గండయ్య గారు కల్వకుర్తి ఖజానా పహరాకు వెళ్లారు. ఆ రోజు సామాను సర్దుతూ వెంకటనర్సమ్మ గారు అన్న మాటను ఆయన నేటికీ తలుచుకొంటారు. "క్లారినెట్ వాళ్లిచ్చిండ్రు, వాళ్లే తీస్కున్నరు. చెవులు సర్కారువి గావు గద!"

ఖజానా గోడ వెనుక తుమ్మచెట్ల నడుమ బక్కమ్మ అనే వృద్ధురాలు ప్రతి మధ్యాహ్నం మేకలు మేపుతూ పాడుకొనేది. గండయ్య గారు ఎన్నడూ వినని పాట అది. జ్ఞాపకంతో నెట్టుకు రావడానికి వీలులేనిది. పహరా మారిన వెంటనే ఆయన గోడవార కూర్చుని, పెన్సిలు తీసి రాయసాగారు. నాలుగో రోజున బక్కమ్మ తల తిప్పి చూసింది. ఖాకీ దుస్తులలో ఒక మనిషి తనను చూస్తూ ఏదో రాస్తున్నాడు! పాట ఠక్కున ఆగిపోయింది. దగ్గరికి వచ్చి చేతులు జోడించింది.

"జవాన్ సాబ్, మ్యాకలు లోపటికి రాలే. నా మీద కేసు రాయకు, నీ కాల్మొక్త."

"కేసు గాదవ్వా. నీ పాట రాస్తున్న."

"పాటకు గూడ కేసైతదా?"

ఆమెకు ధైర్యం చెప్పడానికి గండయ్య గారికి వేరొక ఉపాయం తోచలేదు. కాగితం ముందు పెట్టుకొని, ఆ పాటను ఆమెకే పాడి వినిపించారు. బక్కమ్మ కాసేపు నోరు తెరిచి విన్నది. తరువాత కొంగుతో కళ్లు తుడుచుకొనేదాకా నవ్వింది.

"గది నా పాట గాదు కొడుకా. గట్ల దబదబ నడిస్తె మ్యాకలేం మేస్తయ్? జర నడుస్తయ్, జర నిలవడ్తయ్" అంటూ చేతికర్రతో నేల మీద కొట్టి చూపింది. మూడు దెబ్బలు, ఆ పైన నాలుగు.

గండయ్య గారు తన కాగితం వైపు చూసుకొన్నారు. ఇరవై ఏళ్లు కవాతు బాణీలు వాయించిన ఆయన, పాట అంటే నాలుగేసి అడుగులే అనుకొని, ప్రతి చరణంలో ఎనిమిదింటికి ఒక అడుగు తక్కువ పడుతుంటే, ముసలామె తాళం తప్పుతున్నదని భావించి, ఆ అడుగును తానే కలిపి రాస్తూ వచ్చారు. పాట నడిచేది ఏడు అడుగుల మీద. తప్పు ఆమె గొంతులో లేదు, తన చెవిలో ఉన్నది. కాగితం చింపివేసి మళ్లీ మొదలుపెట్టారు. బక్కమ్మ ప్రతి మధ్యాహ్నం మేకలను విడిచి వచ్చి, తన పాటను తానే తనిఖీ చేసేది. పదకొండు రోజుల తరువాత గాని "ఇగ అయింది" అని ఒప్పుకోలేదు.

1959లో, తప్పినవారికి ఇచ్చిన మరో అవకాశంలో, గండయ్య గారు రెండవసారి పరీక్షకు కూర్చున్నారు. ఈసారి అందరూ పెన్సిళ్లు కింద పెట్టినా ఆయన ఇంకా రాస్తూనే ఉన్నారు. చివరకు లేచి నిలబడి, "నడిమిట్ల ఒక్క కాడ నాకు సక్కగ ఇనవడలే సార్. ఇంకోసారి వాయించుండ్రి" అని అడిగారు. పరీక్షాధికారి ఆయనను ఒక్క క్షణం చూసి, మళ్లీ వాయించారు. గండయ్య గారు ఖాళీగా విడిచిన చోట రెండు చుక్కలు పెట్టి కాగితం అందించారు. అందులో దిద్దవలసినది ఏమీ లేకపోయింది.

క్లారినెట్ తిరిగి చేతికి వచ్చిన రోజున ఆయన దానిని పెదవుల దాకా తీసుకొని అలాగే నిలబడిపోయారు. "ఏంది గండయ్యా, వాయించవా?" అన్నారు కృష్ణయ్య గారు.

"జర ఆగుండ్రి సార్. ఊపిరి అందుతలేదు."

అటు తరువాత తొమ్మిదేళ్లలో ఆయన సెలవు దినాలలో ఊరూరా తిరిగి, చెవితో విని రాసిన పాటలు నలభైకి పైనే ఉన్నాయి. కొత్తగా చేరిన లింగస్వామి, ఎల్లేశం మొదలైన వారందరికీ నొటేషన్ నేర్పినది ఆయనే. తాను పరీక్ష తప్పిన వైనాన్ని మొదటి పాఠంగా చెప్పేవారు. ఈ వ్యాసంలోనూ దానిని దాచవద్దని ఆయనే కోరారు.

1964 గణతంత్ర దినోత్సవం నాడు, పతాకావిష్కరణకు ముందు, మన బ్యాండు బక్కమ్మ పాటను వాయించింది. గండయ్య గారు ఆమెను కల్వకుర్తి నుంచి బస్సులో తీసుకువచ్చి ముందు వరుసలో కూర్చోబెట్టారు. క్లారినెట్ మీద చివరి చరణం సాగుతుండగా ఆమె పక్కనున్న స్త్రీ వైపు తిరిగి, అందరికీ వినిపించేటట్టు అన్నది: "గది నా పాటనే. గాడికొచ్చేసరికి నా గొంతు జీర పోతది. గది గూడ రాసిండు సూడు!"

గండయ్య గారు కట్టంగూర్ వెళ్లి స్థిరపడనున్నారు. ఆయనకు క్లారినెట్ నిండేంత ఊపిరి, దానిని పట్టి నిలిపే ముందరి పళ్లు, దూరాన ఎవరు కూనిరాగం తీసినా ఆనవాలు పట్టగల ఆ చెవులు చిరకాలం చెక్కుచెదరకుండా ఉండాలని, వెంకటనర్సమ్మ గారితో కలిసి ఆయన మనుమల పిల్లల పాటలు సైతం రాసిపెట్టేంత దీర్ఘాయువును ఆరోగ్యంతో అనుభవించాలని మనసారా కోరుకొంటున్నాము. ఆయన వాయించే చోటికి, మమ్మల్ని పిలవకున్నా, మేము వస్తాము.