వేరే తువ్వాలు

చర్మవ్యాధుల డాక్టరు నాలుగో బయాప్సీ రిపోర్టు చదివి కళ్ళజోడు తీసింది. ఎదురుగా రిటైరైన డ్రాయింగు మాస్టారు కూర్చున్నారు.

"మాస్టారూ, ఇది తామర కాదు. చర్మంలో వచ్చే లింఫోమా. ఒక రకం క్యాన్సర్, చాలా అరుదు."

"మరి ముందు మూడు పరీక్షల్లో దొరకలేదేం?"

"ఆ మూడుసార్లూ పరీక్షకి చర్మం ముక్క కోసే ముందురోజు దాకా మీరు ఆయింట్‌మెంట్ పట్టించారు. అది రోగాన్ని మాకు కనబడకుండా దాచేసింది."

"డాక్టరమ్మ దగ్గరికి మచ్చలేసుకుని ఎలా వెళ్ళడమని..."

"నెమ్మదిగా పెరిగే రకమే. మందులున్నాయి, కంగారుపడకండి."

"అంటుకుంటుందా?"

"అస్సలు అంటుకోదు."

"పదకొండేళ్ళుగా మా ఆవిడ నాకు తువ్వాలు వేరు, సబ్బు వేరు, మంచం వేరు చేసేసింది."

"ఇక అవేవీ అక్కర్లేదండీ."

"ఆ ఒక్క మాటా కాయితం మీద రాసి స్టాంపు వెయ్యండమ్మా. క్యాన్సర్ సంగతి నేను చెప్పుకుంటాను."