ప్రీతమ్ మోకాలు

ఒమాన్‌లో బర్కా. 2015 సెప్టెంబరు, శుక్రవారం మధ్యాహ్నం. ప్రార్థన కూటం నుంచి ఇంటికొచ్చిన నర్సు సౌభాగ్యమ్మ, లాప్‌టాప్ ముందు కూర్చున్న ఆమె కొడుకు లెవి.

“ఏ మోకాలు?”

“ఏదైతే నీకెందుకురా? ప్రీతమ్ మోకాలు బాగుపడాలని ప్రార్థన చెయ్యమంది వాళ్ళమ్మ. చేస్తాం. లే, చేతులు కడుక్కో. వంజరం పులుసు వేడిచేస్తాను.”

“ప్రార్థన చెయ్యాలన్నా ఏ మోకాలో తెలియాలి కదమ్మా.”

“దేవుడికి తెలుసులే.”

“సెలీనా ఆంటీ కూటంలో లేచి చెప్పిందా? అందరి ముందూనా?”

“లేచి చెప్పకపోతే ప్రార్థన మనవి ఎలా అవుద్ది? ఏడ్చేసింది పాపం. మా బాబు మోకాలు వాచింది, బాస్కెట్‌బాల్ సీజన్ మొదలవబోతోంది, కోచ్‌కి తెలిస్తే పక్కన కూర్చోబెడతాడు, ఎవరికీ చెప్పకండి, ప్రార్థనలో మాత్రం పెట్టండి అంది.”

“హాలు నిండా జనాన్ని కూర్చోబెట్టి, ఎవరికీ చెప్పకండి అందా.”

“కూటంలో చెప్పుకున్నది బయట చెప్పినట్టు కాదు. నీకు చెప్పడం కూడా నాదే తప్పు. ఇద్దరం మోకరించి ఒక మాట ప్రార్థన చేద్దామని చెప్పాను.”

“నేను మోకరించలేను. నాకూ ఒక మోకాలుంది, గుర్తుందా?”

“లెవీ.”

“చెప్పు. కుడిదా, ఎడమదా?”

“కూటంలో అదేం చెప్పలేదు సెలీనా.”

“కూటంలో చెప్పలేదు. నీకు చెప్పింది.”

“నాకేం చెప్పింది?”

“నీ మొహమే చెబుతోంది. కూటం అయ్యాక నిన్ను పక్కకి తీసుకెళ్ళి ఉంటుంది. నర్సువి కదా.”

“తీసుకెళ్ళింది. అయితే ఏంటి? కూటం జరిగే దేవదాసు గారింట్లోనే, వంటింట్లో ప్రీతమ్‌ని స్టూలు మీద కూర్చోబెట్టి, కాస్త చూడు సౌభాగ్యా అంది. చూశాను. అడిగితే ఎవరికైనా చూస్తాను.”

“నొక్కి చూశావా?”

“నొక్కకపోతే ఎలా తెలుస్తుంది? పళ్ళు బిగబట్టాడు పిల్లాడు. స్కాన్ తీయించమన్నాను. సీజన్ అయ్యాక చూద్దాం ఆంటీ అన్నాడు. అది సరే గాని, పొద్దున్నించీ కదలకుండా నువ్వు రాస్తున్నదేంటి?”

“నెట్‌లో నా బాస్కెట్‌బాల్ పేజీకి. ‘ఈ సీజన్‌లో కన్నేసి ఉంచాల్సిన పవర్ ఫార్వర్డులు’. మస్కట్ నుంచి సహం దాకా కాలేజీ టీములన్నీ చదువుతాయి. కోచ్‌లు ప్రింటు తీసి డ్రెస్సింగ్ రూమ్‌లో అంటిస్తారు.”

“పవర్ ఫార్వర్డంటే నువ్వాడేదే కదూ?”

“ఆడేవాణ్ణి. బుట్ట కింద భుజాలతో తోసుకుని నిలబడి, తగిలి వెనక్కొచ్చిన బంతిని గాల్లోనే లాక్కునేవాడు. పోయినేడు అందరూ మొదట చెప్పిన పేరు నాది. ఈ ఏడు మిగతావాళ్ళ పేర్లు నేను రాసి పెడుతున్నాను.”

“అలా అనకురా. ఎవరెవరి పేర్లు?”

“సహం వైపు నుంచి ఖాదర్. లావని అందరూ నవ్వుతారుగాని వాడు వీపు ఆనించి నిలబడ్డాడంటే జరపడం ఎవరి వల్లా కాదు. తర్వాత జితేందర్, వాళ్ళది నిజామాబాదు. ఎడమచేతి వాటం. ఆ సంగతి అవతలివాళ్ళకి అర్థమయ్యేసరికి ఆట సగం అయిపోతుంది. కాకపోతే కోపమెక్కువ, ఫౌల్స్ చేసి బయట కూర్చుంటాడు. అందరికంటే పైన ప్రీతమ్.”

“ప్రీతమ్ పేరు పైన పెట్టావా? నువ్వా?”

“నేనే. చాలా బాగా రాశాను కూడా. గెంతు బాగుంటుంది, దూరం నుంచి వేస్తాడు, బంతి ఎటు పడుతుందో ముందే పసిగడతాడు, అన్నీ రాశాను. చివర ఒక్క వాక్యం మిగిలింది. ఏ కాలో తేలితే అదీ పూర్తిచేసేస్తాను.”

“ఏమని రాస్తావు?”

“గెంతితే ఆ కాలి మీద దిగలేడని.”

“రాస్తే ఏమవుద్ది?”

“ఏమవుతుంది, మొదటి మ్యాచ్ నుంచీ అందరూ ఆ పక్కనుంచే వెళ్తారు. వాడు ఆ కాలి మీదే తిరగాలి, ఆ కాలి మీదే లేవాలి, ఆటంతా. ఎవడూ తప్పు చేసినట్టు కాదు, రిఫరీ విజిల్ కూడా ఊదడు.”

“లోపల లిగమెంటు తెగిపోద్దిరా. ఇప్పటికే వాచి ఉంది. నీకు తెగినట్టే తెగి కూర్చుంటుంది.”

“నాకు తెగినట్టే.”

“అదా నీకు కావాల్సింది?”

“అదే. చేసుకున్నవాడికి చేసుకున్నంత అని నువ్వే అంటావుగా. సెమీఫైనల్లో నేను బంతి పట్టుకుని గాల్లో ఉన్నాను. దిగేచోట ప్రీతమ్ పాదం పెట్టాడు. నేల మీద దిగాల్సినవాణ్ణి వాడి బూటు మీద దిగాను. ఆ చప్పుడు పైన కూర్చున్న నీక్కూడా వినపడిందన్నావు.”

“వినపడింది. ఇప్పటికీ వినపడుతుంది నాకు.”

“అన్ని కాలేజీల నుంచీ ఏరి దుబాయ్ పంపే టీములో నా పేరుంది అప్పుడు. ఎవడు వెళ్ళాడు?”

“వాడే వెళ్ళాడు. తెలుసు.”

“పతకం వేసుకుని ఫొటో పెట్టాడు. ఆ పూట నేను బాత్రూముకి వెళ్ళాలంటే నిన్ను కేకేస్తున్నాను.”

“నేను మర్చిపోయాననుకున్నావా? ఎత్తుకుని తీసుకెళ్ళింది నేనే కదా. కానీ వాడు కావాలని పెట్టాడని నీకెలా తెలుసు?”

“పవర్ ఫార్వర్డుకి తన పాదం ఎక్కడుందో తెలీదా?”

“పగబట్టి బాగుపడినవాళ్ళు లేరురా. పోనీ వాళ్ళమ్మ మొహం చూసైనా ఊరుకో. నువ్వు కర్రల మీద నడుస్తుంటే ఇంటికి బిర్యానీ వండుకుని తెచ్చింది. నీ మోకాలి మీద చెయ్యి పెట్టి ఎంతసేపు ప్రార్థన చేసిందో. మీ నాన్నకి సైట్‌లో సెలవు దొరకలేదు, నాకంటూ ఇక్కడ ఎవరున్నారు? ఆ రోజు సెలీనా లేకపోతే నేనేమైపోదునో.”

“వచ్చింది. గుర్తుంది నాకు.”

“గుర్తుంటే ఆ ఋణం ఇలా తీర్చుకుంటావా? నేను నర్సునిరా. ఒకడు నమ్మి కాలు నా ఒళ్ళో పెట్టాడు. ఆ సంగతి ఇంటికి మోసుకొచ్చి నీ చేతికిస్తానా? తలకిందులుగా తపస్సు చేసినా చెప్పను.”

“చెప్పొద్దులే. రెండు మోకాళ్ళూ పోయాయని రాస్తాను.”

“రాసుకో. వాడు నన్నేమడిగాడో కూడా కింద రాసుకో.”

“ఏమడిగాడు?”

“నొప్పికి కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి, అప్పుడు కూడా, లెవి ఎలా ఉన్నాడాంటీ, మళ్ళీ ఆడతాడా అన్నాడు.”

“నటన. కడుపులో కత్తులు పెట్టుకుని కౌగలించుకునే రకం వాడు.”

“నొప్పిలో ఎవరూ నటించరురా. వార్డులో ఎంతమందిని చూశాను నేను. బంతి కోసం తల పైకెత్తి ఉన్నానాంటీ, కాలు అక్కడుందని చూసుకోలేదు, చెబితే లెవి నమ్మడు అన్నాడు.”

“ఆ మాట నాతోనే చెప్పొచ్చుగా.”

“నువ్వు వాడి ఫోనెత్తావా?”

“ఎత్తడానికి వాడు చెయ్యాలిగా.”

“చెయ్యలేదా?”

“చేశాడు.”

“ఎత్తావా మరి?”

“బ్లాక్ చేశాను.”

“చూశావా.”

“ఏమోనమ్మా. మెట్లెక్కిన ప్రతిసారీ వాడి మొహమే కనిపిస్తుంది. ఎవడో ఒకడు తప్పు చేసి ఉండాలి కదా. ఎవడూ చెయ్యలేదంటే ఈ కోపాన్ని నేనేం చేసుకోను?”

“నా మీద చూపించు. రోజూ చూపిస్తూనే ఉన్నావుగా.”

“నవ్వించకు.”

“నవ్వితే నవ్వు. నవ్వి ఎన్నాళ్ళయింది నువ్వు? వాడికీ నీ వయసే. వాడి కాలు విరిగితే నీ కాలు అతుక్కుంటుందా?”

“అతుక్కోదు.”

“మరి?”

“సరే. తీసేస్తున్నాను.”

“ఏంటి తీసేస్తున్నావు?”

“ఆ వాక్యం. కాలు తెలిస్తే పెడదామని ఖాళీ వదిలి, ఇందాక నువ్వు మోకాలి సంగతి చెప్పగానే రాసుకున్నాను. వాడి పేరుంటుంది, వాడి ఆట ఉంటుంది. మోకాలి ఊసుండదు. చూడు, చెరిపేశాను.”

“నేను చూడక్కర్లేదు నాన్నా, దేవుడు చూశాడు. నా బంగారుకొండవి. వచ్చే శుక్రవారం కూటానికి రా. వాడూ వస్తాడు, ఇద్దరూ ఎదురుపడి ఒక మాట అనుకుంటే...”

“కూటానికి మాత్రం రాను.”

“అదేంట్రా? కోపం పోయిందనుకున్నానే.”

“ప్రీతమ్‌తో మాట్లాడతాను. ఫోన్ చేస్తాను, సాయంత్రమే చేస్తాను. కూటానికి రాను.”

“ఆపరేషన్ అయిన దగ్గర్నించీ దేవదాసు గారి గడప తొక్కలేదు నువ్వు. అందరూ అడుగుతుంటే నాకు తలకొట్టేసినట్టుంది. ఎందుకు రావు?”

“వదిలెయ్యమ్మా. అన్నం పెట్టు.”

“పెడతాను. ముందు చెప్పు.”

“చెబితే నీకే బాధ.”

“నీ ఆపరేషన్ గది బయట కూర్చున్నాక ఇంకేం బాధ ఉంటుందిరా నాకు? చెప్పు.”

“కర్రలతో నడవడం మొదలెట్టిన కొత్తలో ఒక శుక్రవారం వచ్చాను. నీకు ఆ రోజు డ్యూటీ. టాక్సీ చేసుకుని వెళ్ళాను. అప్పటికే మొదలైపోయింది. కర్రలతో బూటు విప్పుకోవడం వీలుకాక తలుపు బయట మెట్టు మీద కూర్చున్నాను. లోపల దేవుడు తమకి చేసిన మేళ్ళ గురించి సాక్ష్యాలు చెబుతున్నారు.”

“ఎవరు చెబుతున్నారు?”

“సెలీనా ఆంటీ. మా ప్రీతమ్‌కి దుబాయ్ టీములో చోటు దొరికింది, పతకం కూడా తెచ్చాడు అంది.”

“దొరికింది కదా. అది చెప్పుకుంటే తప్పేంటి?”

“చోటు దొరకాలని ఉపవాసముండి ప్రార్థన చేశాను, నా బిడ్డకి అడ్డంగా ఉన్నవాణ్ణి దేవుడే పక్కకి తప్పించాడు అంది.”

“అలా అందా?”

“అంది.”

“నీ పేరు చెప్పిందా?”

“పేరెందుకమ్మా? వాడికి ముందున్నది నేనొక్కణ్ణే. అక్కడున్న అందరికీ తెలుసు.”

“వాళ్ళేమన్నారు?”

“స్తోత్రం అన్నారు.”

“అందరూనా?”

“అందరూ. దేవదాసు అంకుల్ గొంతే ముందు వినపడింది. నేను లేచి అదే టాక్సీలో వెనక్కొచ్చేశాను.”

“నాకెందుకు చెప్పలేదురా?”

“ఆవిడ బిర్యానీ తెచ్చింది ఆ మర్నాడేనమ్మా. నువ్వు ఆవిడ భుజం మీద పడి ఏడుస్తున్నావు. ఎలా చెప్పను?”

“నీ కాలి మీద చెయ్యి పెట్టింది. ఈ బిడ్డ లేచి గెంతాలి ప్రభువా అంది. నేను ఆమెన్ అన్నాను.”

“అందుకే చెప్పనన్నాను. పోనీలే. ఇందులో ప్రీతమ్ చేసిందేం లేదు.”

“నా చేత కూడా స్తోత్రం అనిపించేది ఆ రోజు నాకు డ్యూటీ లేకపోతే. ఏమీ తెలీక అనేసేదాన్ని.”

“అమ్మా, కూర్చో. మంచినీళ్ళు తాగు. నేనే వదిలేశాను, నువ్వూ వదిలెయ్యి.”

“పేజీలో పెట్టేశావా అది?”

“ఇప్పుడే పెట్టబోతున్నాను. పెట్టేసి అన్నం తింటాను.”

“ఆగు. చెరిపింది మళ్ళీ రాయి. ఎడమ మోకాలు, లోపలి పక్క.”