చీటీలో రెండో లైను

విజయవాడ, గవర్నర్‌పేట, 2004 మే. మేడ మీద కంప్యూటర్లు బిగించి అమ్మే చిన్న షాపు. మధ్యాహ్నం మూడు గంటలు. కౌంటరుకి ఇవతల యజమానురాలు ఏంజెల్, అవతల చీటీ పట్టుకున్న ఒక పెద్దమనిషి.

"...ఇరవై అయిదు వేలు దాటకూడదమ్మా. అందులోనే గేమ్స్ ఆడుకునే సిస్టం రావాలి."

"వస్తుందండీ. కాకపోతే గేమ్స్‌లో రకాలున్నాయి. పేకాటా గేమే, తుపాకీ పట్టుకుని పరిగెత్తేదీ గేమే. మీవాడు ఏది ఆడతాడు?"

"రెండోది. పేకాట మేం ఆడతాం."

"అయితే గ్రాఫిక్స్ కార్డు విడిగా కావాలి. ఖర్చంతా అక్కడే."

"అదే రాసినట్టున్నాడు చూడండి. మా మేనల్లుడు. ఉయ్యూరు దగ్గర మా ఊరు. చెరుకు తప్ప నాకింకేం తెలీదు. ఈ చీటీ రాసిచ్చి, ఇవే సామాన్లు తెమ్మని కూర్చున్నాడు."

"ఇలా ఇవ్వండి. మీ పేరండీ?"

"సంజీవరావు."

"కూర్చోండి సంజీవరావుగారూ. ఒకటి, ప్రాసెసర్. ఏఎండీ కంపెనీది రాశాడు. చవకలో మంచిది. రెండు, బోర్డు... బోర్డు..."

"ఆగిపోయారేంటమ్మా?"

"ఏం లేదండీ. ఫ్యాను గాలికి కాగితం ఊగుతోంది. బోర్డు ఇంటెల్‌ది రాశాడు."

"మంచిది కాదా?"

"మంచిదేనండీ. చాలా మంచిది."

"ఆ రెండూ కలిపి వాడుకోవచ్చా?"

"...వాడుకోవచ్చు."

"మీరు చెబితే సరే. మాకు తెలిసేదేముంది."

"కింద మూడు లైన్లూ ఇంకెవరన్నా రాశారా? అక్షరాలు మారాయి."

"వాడే రాశాడు. కుడిచెయ్యి నొప్పంటే ఎడంచేత్తో రాయమన్నాం. క్రికెట్ ఆడి వేలు విరగ్గొట్టుకున్నాడు."

"ఒక్క వేలేనా అండీ?"

"ఇప్పటికి ఒక్కటే."

"...స్టాకు చూసొస్తానండీ. రెండు నిమిషాలు. మంచినీళ్లు ఆ కూజాలో ఉన్నాయి."

"నిదానంగా చూసి రండమ్మా. నాకు తొందరేం లేదు."

వెనక గది. ఏంజెల్ తమ్ముడు అంతోని పాడైన మానిటర్ విప్పుకుని కూర్చున్నాడు.

"అంతోనీ, అది పక్కన పెట్టు. గట్టిగా మాట్లాడకు. ఇది చదువు."

"ఏంటక్కా? ఏఎండీ ప్రాసెసరు... ఇంటెల్ బోర్డా? ఎవడు రాశాడిది? దీని కాళ్లు ఆ బోర్డు కన్నాల్లో దిగవు గదా. చెప్పి మార్పించు."

"చేతిరాత చూడు."

"చేతిరాతకేం..."

"ఏడు అంకె మధ్యలో అడ్డగీత చూడు. అలా ఎవరు రాస్తారు?"

"ఆసిమ్. అక్కా, ఇది ఆసిమ్ రాసిందా?"

"మెల్లిగా. నాలుగు రోజుల్నించీ కనపడకుండా పోయినవాడి చీటీ ఇవాళ మన కౌంటరు మీదికొచ్చింది. పట్టుకొచ్చినాయన మేనమామనంటున్నాడు."

"వాడికి మేనమామ ఆటోనగర్ నవాబ్‌గారొక్కరే గదా. లేత్ నడుపుతారు."

"ఈయన పేరు సంజీవరావట. చెరుకు వేస్తాడట."

"వాడికి బోర్డు సంగతి తెలీక..."

"వాడికి తెలీదా? రెండేళ్లు ప్రతి ఆదివారం ఈ బల్ల దగ్గర కూర్చుని నేర్చుకున్నాడు. ముందు ప్రాసెసర్ ఏదో చూసుకో, తర్వాతే బోర్డు కొను. మొదటిరోజు నేను నేర్పిందే అది. నిద్రలో లేపి అడిగినా ఈ తప్పు చెయ్యడు."

"అయితే కావాలనే రాశాడా?"

"కావాలనే. మన కంట పడాలని. రాయించినవాళ్లకి అర్థం కాకూడదని."

"వాడు మనకిచ్చిన ఆ హార్డ్ డిస్కు గురించేనా ఇదంతా?"

"ఇంకెందుకు? వాడు పనిచేసే స్టడీ సర్కిల్లో దొంగ మార్కుల లిస్టులు ఎవరెవరికి చేసిచ్చారో అన్నీ అందులోనే ఉన్నాయన్నాడు. అక్కా, దాచిపెట్టు, తెరవొద్దు, పరీక్షలవగానే వచ్చి పట్టుకెళ్లి పేపరువాళ్లకిస్తానన్నాడు."

"ఎక్కడ పెట్టావు?"

"ఆ పాత మానిటర్ అట్టపెట్టెలో. చూడకు అటు."

"నిన్న వాళ్లమ్మ ఫొటో పట్టుకుని వచ్చి అంతసేపు ఏడిస్తే ఒక్క మాటా చెప్పలేదు మనం. నజీరమ్మకి అప్పుడే చెప్పుంటే..."

"నిన్న భయపడ్డాం. ఇవాళా భయపడితే వాడు దక్కడు. అంతోనీ, వాడి వేలు విరిచారు."

"ఆయనే అన్నాడా ఆ మాట?"

"క్రికెట్ అని నవ్వుతూ అన్నాడు. విను. గ్రాఫిక్స్ కార్డు మన దగ్గర లేదని, పక్క వీధి షాపు నుంచి తెస్తావని చెబుతాను. మెట్లు దిగి తిన్నగా స్టేషన్‌కి పో. ఎస్సై లేకపోతే ఎవరుంటే వాళ్లకి చెప్పు. మనిషి ఇక్కడే కూర్చుని ఉన్నాడని చెప్పు. డిస్కు సంగతీ చెప్పు."

"ఫోన్ చేస్తే పోదా?"

"ఫోను కౌంటరు మీద ఉంది. ఆయన మోచెయ్యి దాని పక్కనే ఉంది. సెల్లు మీ బావ పట్టుకెళ్లాడు."

"నువ్వొక్కదానివే ఉంటావా?"

"అరగంట కూర్చోబెడతాను. బేరమాడేవాణ్ణి కూర్చోబెట్టడం నాకు కొత్తా? ఒక్కటి గుర్తుపెట్టుకో. ఆ బోర్డు తప్పని పొరపాటున కూడా నోరు జారకు. తప్పని తెలిస్తే ఎందుకు రాశావని వాడి మీద పడతారు. మనకేం తెలీనట్టే ఉండాలి."

"సరే. చొక్కా వేసుకోనీ."

"చేతులు తుడుచుకో. మసి అంటుకుంది."

"నువ్వూ మొహం తుడుచుకుని వెళ్లు."

మళ్లీ కౌంటరు.

"సంజీవరావుగారూ, అన్నీ ఉన్నాయండీ, గ్రాఫిక్స్ కార్డొక్కటే లేదు. మా తమ్ముడు పక్క వీధిలో తెస్తాడు. అంతోనీ, నూట ఇరవై ఎనిమిది ఎంబీది అడుగు. అరవై నాలుగుది అంటగడతారు, చూసి తీసుకో."

"అలాగే అక్కా."

"వెళ్లి రా బాబూ. మెట్లు నిటారుగా ఉన్నాయి, చూసుకుని దిగు. మీ తమ్ముడా అమ్మా? పోలికలున్నాయి."

"అవునండీ. ఈలోపు మిగతావి చూద్దాం. ర్యామ్ రెండువందల యాభై ఆరు రాశాడు. డబ్బు సరిపోకపోతే సగానికి తగ్గించుకోవచ్చు."

"తగ్గిస్తే ఏమవుతుంది?"

"ఆట మధ్యలో ఆగి ఆగి నడుస్తుంది."

"వద్దు, ఆగకూడదు. మాకు ఆగే పనులు పడవు."

"అయితే మానిటర్లో తగ్గిద్దాం. పదిహేడంగుళాలది రాశాడు, పదిహేనుది పెడితే రెండు వేలు మిగులుతాయి. మీ మేనల్లుణ్ణి ఒక్కసారి ఫోన్లో కలపండి, నేనే అడుగుతాను."

"వాడు మాట్లాడలేడమ్మా. గొంతు పోయింది."

"జ్వరమా?"

"అరిచి అరిచి పోయింది. చెప్పాను గదా, క్రికెట్టు."

"...మందేమన్నా ఇప్పించారా?"

"ఇవాళో రేపో తగ్గిపోతుంది. మీకెందుకమ్మా అంత ఆరా?"

"కొనేవాళ్లింట్లో పిల్లాడు గదండీ. సరే, పదిహేడే ఉంచుదాం. క్యాబినెట్ మామూలుది తీసుకోండి, మెరిసే లైట్లకి డబ్బు దండగ. కానీ అందులో ఉండే పవర్ సప్లై మాత్రం మంచిది ఉండాలి. చవకది పెడితే ఒకరోజు ఠప్పుమని మొత్తం కాలిపోతుంది. కనపడదు గదా అని చాలామంది అక్కడే మిగుల్చుకుంటారు."

"కనపడనిదే అసలుదన్నమాట."

"అంతేనండీ."

"మీరు బాగా చెబుతారమ్మా. ఎవరికన్నా నేర్పుతారా ఈ పని?"

"మాకంత తీరికెక్కడిది? ఈ షాపు చూసుకోవడానికే సరిపోతుంది."

"నేర్పితే మంచి పేరొస్తుంది మీకు. అడుగుతున్నానని ఏమీ అనుకోకండి, ఈ చీటీ చూస్తే రాసినవాడికి పని వచ్చంటారా, రాదంటారా?"

"వచ్చండీ. పత్రికలు చూసి నేర్చుకున్నట్టున్నాడు."

"తప్పులేమన్నా ఉంటే చెప్పండి. ఇంటికెళ్లాక నడవకపోతే మళ్లీ ఇంతదూరం రావాలి."

"తప్పులేం లేవు."

"మొదటిదీ రెండోదీ కూడా సరిపోతాయా? ఆ ప్రాసెసరూ, ఆ బోర్డూ."

"సరిపోతాయండీ. ఇందాకే చెప్పాను గదా."

"చెప్పారు. రెండుసార్లు అడిగితే రెండుసార్లూ చెప్పారు. ముసలితనం, మళ్లీ మళ్లీ అడుగుతాను."

"ఫర్వాలేదండీ. పోనీ ఇలా చేద్దాం. సామానంతా మేమే మీ ఊరు తెచ్చి, ఇంట్లో బిగించి, నడిపి చూపిస్తాం. పైసా అదనంగా అడగం. అడ్రసు చెప్పండి, రాసుకుంటాను."

"అంత శ్రమ ఎందుకు? జీపు తెచ్చుకున్నాం."

"తెచ్చుకున్నామంటే, ఇంకెవరన్నా వచ్చారా మీతో?"

"మావాళ్లు కింద ఉన్నారు. ఎండకి పైకి రాలేదు."

"వాళ్లకీ మంచినీళ్లు పంపించనా అండీ?"

"మీ తమ్ముడు వెళ్లి ఎంతసేపైందమ్మా?"

"పావుగంటండీ. వచ్చేస్తాడు. ఆ షాపులో జనం ఎక్కువుంటారు. ఈలోపు కీబోర్డు చూస్తారా? రెండు రకాలున్నాయి."

"ఏదో ఒకటి వెయ్యండి. ఇంకేం మిగిలింది?"

"వాడికో మాట చెబుతారా సంజీవరావుగారూ?"

"ఎవరికి?"

"మీ మేనల్లుడికి. చీటీ బాగా రాశాడని చెప్పండి. షాపావిడ మొత్తం చదివింది, అంతా అర్థమైందంది అని చెప్పండి. సంతోషిస్తాడు."

"తప్పకుండా చెబుతాను. ఈ మాటకి సంతోషిస్తాడో ఏడుస్తాడో మరి."

"ఏడవడమెందుకు?"

"కుర్రాళ్లు గదమ్మా. చివరి లైను చదవండి."

"హార్డ్ డిస్కు. నలభై జీబీది. కొత్తది రెండు వేల ఎనిమిది వందలవుతుంది. రెండేళ్లు గ్యారంటీ."

"అది కొట్టెయ్యండి."

"డిస్కు లేకుండా సిస్టం నడవదండీ."

"కొత్తది అక్కర్లేదు. పాతది ఉంది."

"ఉంటే మంచిదే, అంత డబ్బు మిగిలినట్టే. తెచ్చారా? ఎక్కడుంది?"

"మీ దగ్గర."

"...మా దగ్గర పాత డిస్కులు బోలెడుంటాయి. రిపేరుకొచ్చినవి. అవి అమ్మం."

"ఆసిమ్ ఇచ్చింది అడుగుతున్నాను."

"ఆసిమ్ ఎవరండీ? రోజూ పాతికమంది వస్తారు ఇక్కడికి. అందరి పేర్లూ..."

"వాడు చాలా గట్టివాడమ్మా. నాలుగు రోజులు. డిస్కు ఎవరికిచ్చావంటే కృష్ణలో పారేశానంటాడు. అమ్మ పేరు చెప్పినా అదే మాట, వేలు విరిగినా అదే మాట. మీ పేరు మాత్రం చెప్పలేదు. ఆ కుర్రాణ్ణి తప్పుగా అనుకోకండి."

"మా తమ్ముడు ఇప్పుడే వస్తాడు. వాడితో పాటు..."

"రాడమ్మా. మెట్లు దిగి కుడివైపు తిరిగాడు, ఈ కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. కార్డులమ్మే షాపు ఎడమవైపుంది. మావాళ్లు పిలిచి జీపులో కూర్చోబెట్టారు."

"వాడికేం తెలీదు. వాణ్ణొదిలెయ్యండి."

"మీకు తెలిస్తే చాలు."

"నాకూ తెలీదు. మీరు పొరబడ్డారు. ఊళ్లో ఇన్ని షాపులుంటే నన్నే అడుగుతారేంటి? ఇంకో చోట అడగండి."

"అడిగామమ్మా. డిస్కు పోయాక మా స్టడీ సర్కిల్ సిస్టం మూలపడింది, కొత్తదానికి సామాన్లు రాయమంటే వాడు ఈ చీటీ రాశాడు. కొందామనే బయల్దేరాం. మొదటి షాపాయన చూడగానే రెండో లైను కొట్టేసి, రాసినవాడికి ఓనమాలు కూడా రావన్నాడు. మా సిస్టాలన్నీ బిగించినవాడికి ఓనమాలు రాకపోవడమేంటని అప్పుడు ఆలోచించాను. చీటీ మళ్లీ శుభ్రంగా రాయించి, పొద్దున్నుంచి మెట్లెక్కుతూనే ఉన్నాను."

"ఎందుకు?"

"పదకొండు షాపులు తిరిగానమ్మా. ఆ ప్రాసెసరు ఆ బోర్డులో పట్టదని పదకొండు మందీ చెప్పారు. పడుతుందన్నది మీరొక్కరే."