మారెమ్మ కోసిన డబ్బీ

అక్కలారా, అన్నలారా, డబ్బీ లైన్‌లో పనిచేసే చెల్లెళ్ళారా, పని ఆపుకుని వచ్చిన ఆఫీసు పెద్దలారా!

మూకండపల్లిలోని ఈ హాలులో ఇవాళ కూర్చోవడానికి చోటు లేదు. మెట్ల మీద నిలబడ్డారు. కిటికీల బయట నిలబడ్డారు. కెలమంగలం నుంచి, గొర్రెలను పక్కింటివాళ్ళకు అప్పగించి, ఆడా మగా బస్సెక్కి వచ్చారు. మన మారెమ్మ పోయి పదకొండు రోజులైంది. నాలుగు రోజుల జ్వరం. నలభై ఏళ్ళు కూడా నిండని మనిషి. ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు.

ఆమె, నేను ఒకే రోజు ఉద్యోగంలో చేరాం కాబట్టి నన్ను మాట్లాడమన్నారు. ఈ రేణు ఆమెకు ప్రాణ స్నేహితురాలని అనుకుని ఉంటారు. కాదండీ. పదమూడేళ్ళు నేను మారెమ్మను చూసి కుళ్ళుకున్నాను. ఇందాక గుమ్మంలో అడుగుపెట్టి ఈ జనాన్ని చూసినప్పుడు కూడా, నేను పోతే ఇందులో సగం మందైనా వస్తారా అని లెక్క వేసుకున్నాను. చనిపోయిన మనిషి మీద ఇంకా అసూయ ఏమిటి? నన్ను నేను అడిగాను. అందుకే తియ్యటి మాటలు పక్కన పెట్టి జరిగింది చెబుతాను. వినండి.

తొంభై నాలుగులో మేమిద్దరం ఈ క్రీముల ఫ్యాక్టరీలో చేరాం. నాది మత్తిగిరి. ప్లస్ టూ చదివాను, ల్యాబ్ పని నేర్చుకున్నాను. ఆమెది కెలమంగలం దగ్గర గొర్రెలు కాసే ఇల్లు. ఐదో తరగతి. నాకు టెస్టింగు గది ఇచ్చారు, ఫ్యాను ఇచ్చారు, తెల్లకోటు ఇచ్చారు. ఆమెను డబ్బీలకు మూతలు బిగించే చోట నిలబెట్టారు. ఆ మూతలు అయిపోయాక గదులు ఊడవమన్నారు. అయినా క్యాంటీన్‌లో ఆమె చుట్టూ పదిమంది, నా ఎదురుగా ఖాళీ కుర్చీ. నేను మాట్లాడితే జనం తలూపేవారు. ఆమె మాట్లాడితే దగ్గరికి జరిగేవారు. ఆ తేడా మీకు తెలియదు. తెల్లకోటు వేసుకున్న నాకు తెలుసు.

తొంభై తొమ్మిదిలో ఒక సోమవారం ఆమె సంచిలో ఒక పాత డబ్బీ వేసుకుని వచ్చింది. మన ఫేస్ క్రీము డబ్బీయే. ఆమె భర్త బైరప్ప గొర్రెలు తోలే వాగులో వర్షాలు లేక నీళ్ళు ఎండిపోతే, ఇసుక మీద అలాంటివి వందల కొద్దీ బయటపడ్డాయట. వాడి పారేసినవి, మనం రిజెక్టు చేసినవి, అన్నీ. అడుగున లైన్ నంబరు ఉంటుంది కదా, అది చూసింది. తన లైన్ నంబరే. టీ బ్రేకులో అందరి మధ్యా అంది:

"నా చేత్తో మూత పెట్టినవే ఇవి. నా గొర్రెలు పోయే దావలో పడుండాయి. ఇంత పెద్ద డబ్బీలో క్రీము ఇంతేనా అని మా పాప రక్షిత అడిగింది. కోసి చూద్దామని తెచ్చినాను."

అని, ఫిట్టరు సోమప్ప దగ్గర రంపం బ్లేడు అడిగి తీసుకుని, ఆ డబ్బీని నిలువునా కోసింది. అప్పుడు చూశాం. పైన ఒక డబ్బీ, లోపల ఇంకో చిన్న డబ్బీ, రెంటి మధ్యా ఖాళీ. క్రీము ఉండేది లోపలి దానిలోనే. పైది కేవలం చూపు కోసం. చేతిలో పెద్దగా కనిపించడం కోసం.

అక్కలారా, క్రీము నింపకముందు ఆ డబ్బీని నేను ఐదేళ్ళు రోజూ తూకం వేశాను. నలభై ఎనిమిది గ్రాములు. రోజూ పుస్తకంలో రాశాను. ఎందుకింత బరువు అని ఒక్కనాడైనా అడిగానా? నా చదువు అడగలేదు. నా తెల్లకోటు అడగలేదు. మూతలు బిగించే మనిషి అడిగింది. ఆ రోజు నాకు పుట్టిన మంట మామూలుది కాదు.

ఇదిగో, ముందు వరసలో కూర్చున్న తిలక్ గారు అప్పుడే మేనేజరుగా వచ్చారు. కోసిన డబ్బీని చేతిలో తిప్పి తిప్పి చూశారు. ఒకే గోడ ఉన్న డబ్బీ చేయిస్తే సగం ప్లాస్టిక్కు మిగులుతుందని ఆమె అంటే కాదనలేదు. కొత్త అచ్చు పోయించారు. నోటీసు బోర్డులో ఆమె ఫొటో పెట్టించారు. నేను రోజూ ఆ బోర్డు ముందు నుంచి తల తిప్పుకుని నడిచాను.

కొత్త డబ్బీలు పరీక్షకు నా గదికే వచ్చాయి. నడుమెత్తు నుంచి సిమెంటు నేల మీద పడేసి చూడాలి. యాభై డబ్బీలు. మూడు పగిలినా పరవాలేదు, నాలుగో దానికి రద్దు. రెండే పగిలాయి.

నేను పదకొండు అని రాశాను.

అవును, నేనే. సంతకం చేశాను, తేదీ వేశాను, కాగితం పైకి పంపాను. ఆ కాగితంతో ఆమె ఆలోచన మూలన పడింది. బోర్డు మీద ఫొటో తీసేశారు. ఆ రాత్రి నాకు హాయిగా నిద్ర పట్టింది. అది కూడా చెప్పాలి కదా.

మారెమ్మ ఏం చేసింది? అరిచిందా? నా గదికి వచ్చి, "ఇంకోసారి పడేసి చూద్దామా రేణక్కా?" అని అడిగింది. కుదరదు, రూలు ఒప్పుకోదు అన్నాను. "సరేలే అక్కా," అని చీపురు తీసుకుని వెళ్ళింది.

రెండేళ్ళు గడిచాయి. వదిలేసిందనుకున్నాను. వదల్లేదు. స్క్రాపు గదిలో మిగిలిన కొత్త డబ్బీలను అడిగి తెచ్చుకుంది. నలభై ఎనిమిది డబ్బీల్లో క్రీము బరువుకు సరిపడా రాగిపిండి ముద్ద నింపి, మూతలు బిగించి, అట్టపెట్టెలో పేర్చి, హోసూరు నుంచి కెలమంగలం మీదుగా డెంకనికోట పోయే బస్సు టాపు మీద వేయించింది. కండక్టరు ఈశ్వరప్ప ఆ మాటలు ఇప్పటికీ చెప్పుకుంటాడు.

"ఏమ్మా, ఈ పెట్టె యాడ దించాల?"

"యాడా దించొద్దప్పా. పోతా వస్తా ఉండనీ. పన్నెండు దినాలు అయినంక నేనే దించుకుంటాను."

ఆ రోడ్డు ఎలా ఉండేదో మీకు నేను చెప్పాలా? మనుషుల నడుములే నిలిచేవి కావు. పన్నెండో రోజు పెట్టె దించుకుని నేరుగా తిలక్ గారి గదికి తీసుకొచ్చింది. నన్నూ పిలిచారు. నా ముందే విప్పింది. ఒక్కటి పగల్లేదు. ఒకదాని మూత దగ్గర గీత పడింది, అంతే.

తిలక్ గారు నా వైపు తిరిగారు. "రేణు గారూ, మీ రిపోర్టులో పదకొండు పగిలాయని ఉందే?"

ఉద్యోగం పోయిందనుకున్నాను. నేను నోరు తెరవకముందే మారెమ్మ అందుకుంది: "అప్పుడు అచ్చు కొత్తది సార్, మొదట వచ్చినవి సరిగా కుదర్లేదేమో. అక్క చూసిందే రాసింది."

నన్ను కాపాడిందని సంతోషపడ్డానా? లేదు. మెట్ల దగ్గర ఆమెను ఆపి, నువ్వెందుకు నా తరఫున మాట్లాడావని కసిరాను. అప్పుడు ఆమె అన్న మాట ఆరేళ్ళుగా ఎవరికీ చెప్పలేదు. ఇవాళ చెబుతున్నాను.

"ఆ దినం నీ గది ఊడ్చింది నేనే కదక్కా. ముక్కలు చేత్తో ఎత్తినాను. రెండు డబ్బీలవే. నువ్వే చెప్తావులే అని చూస్తా ఉండాను."

విన్నారా? రెండేళ్ళు అన్నీ తెలిసి నా ఎదురుగా టీ తాగింది. పండక్కి చేసిన ఒబ్బట్లు నాకు తెచ్చిపెట్టింది. ఒక్క మాటతో నన్ను గేటు బయట నిలబెట్టగలిగి కూడా నిలబెట్టలేదు. చదువులో నేను గెలిచాను అనుకునేదాన్ని, ఆమె తెలివిలో గెలిచింది. సరే అనుకుంటే మంచితనంలోనూ ఆమే గెలిచింది. ఇంక నాకు ఏం మిగిలింది? ఆ రోజు నుంచి క్యాంటీన్‌లో ఆమె పక్కన కూర్చోవడం మానేశాను. ఆమె మాత్రం కంపెనీ బస్సులో నాకు సీటు పట్టడం మానలేదు.

రెండువేల రెండు నుంచి మన డబ్బీకి ఒకే గోడ. ఇరవై ఆరు గ్రాములు. రోజుకు ఇరవై వేల డబ్బీలు చేస్తున్నాం. అంటే ఒక్క రోజుకు నాలుగు వందల నలభై కిలోల ప్లాస్టిక్కు పుట్టకుండానే ఆగిపోతోంది. ఆ తర్వాత మూత పైన చుట్టే ప్లాస్టిక్ కవరు కూడా ఆమె అడగ్గా అడగ్గా పోయింది. నేను అబద్ధం రాయకపోతే ఇదంతా రెండేళ్ళ ముందే జరిగేది. ఆ రెండేళ్ళలో ఎన్ని డబ్బీలు ఏ వాగులో పడ్డాయో నేను లెక్కగట్టగలను. అదే కదా నా పని. గట్టే ధైర్యం లేదు.

అమ్మా రక్షితా, మీ అమ్మ నేను చెబుతానని ఎదురు చూసింది. మొత్తం ఎనిమిదేళ్ళు. జ్వరంతో కృష్ణగిరి ఆసుపత్రిలో ఉందని తెలిసి, చెప్పేయాలనే బస్సెక్కాను. మంచం చుట్టూ జనం. ఇక్కడ కూడా జనమేనా అని కోపం వచ్చి, గుమ్మం నుంచే తిరిగి వచ్చాను. మర్నాడు కబురు వచ్చింది. నన్ను క్షమించమని నిన్ను అడగను తల్లీ. అడగవలసిన మనిషి లేదు.

తిలక్ గారూ, మా టెస్టింగు రికార్డులో ఆ కాగితం ఇంకా ఉంది. పగిలినవి రెండు అని దిద్ది, కింద నా పేరు, ఇవాళ్టి తేదీ రాసి మీ టేబులు మీద పెట్టి వచ్చాను. మీరు ఏ చర్య తీసుకున్నా నేను సిద్ధంగానే ఉన్నాను. అసూయ పోయిందా అంటే పోలేదు. ఆమెలా ఒక్క రోజైనా బతికి ఉంటే ఎంత బావుండేదని ఇప్పటికీ ఒళ్ళు మండుతూనే ఉంది.

సెకండ్ షిఫ్టు బస్సు బయట వచ్చి ఆగింది. డ్రైవరు హారన్ కొట్టడు, ఆయనా ఇక్కడే మన మధ్యే ఉన్నాడు. అందరూ లేచి నిలబడండి. రెండు నిమిషాలు మారెమ్మ కోసం ఎవ్వరమూ మాట్లాడవద్దు. ముందు నేను ఆపుతాను.