మనసులో నడక

పక్షవాతంతో ఎడమ కాలూ చెయ్యీ పడిపోయిన హోటల్ సర్వర్ ఆసుపత్రి మంచం మీద ఉన్నాడు. పక్కనే స్టూలు మీద అతని భార్య కూర్చుంది. కళ్ళు మూసుకుని నడుస్తున్నట్టు ఊహించుకుంటే కాలికి మళ్ళీ నడక గుర్తుకు రావచ్చని ఫిజియోథెరపిస్ట్ చెప్పి వెళ్ళాడు.

"కళ్ళు మూసుకున్నారా? ఎక్కడున్నారు?"

"హోటల్లోనే. వంటగది గుమ్మంలో, చేతిలో ట్రే."

"కిటికీ పక్క టేబుల్ దాకా నడవండి."

"నవ్వులాటగా ఉందా నీకు?"

"రేపు ఇంటికి పంపేస్తున్నారు. మనదేమో మేడ మీద గది. నాకు నవ్వెలా వస్తుందండీ?"

అతను మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు.

"ఇక్కడ కూడా కాలు ఈడుస్తున్నానే! మనసులో కూడా కుంటి నడకేనా? ట్రే జారిపోతోంది."

"పోనివ్వండి. గ్లాసులు పగిలితే పగిలాయి. గోడ పట్టుకోండి."

"గోడ అందట్లేదు. అందరూ నన్నే చూస్తున్నారు."

"అయితే నన్ను పిలవండి."

"నువ్వెప్పుడైనా మా హోటల్లో అడుగు పెట్టావా?"

"మీరు రమ్మంటేగా!"



"రా," అన్నాడు చివరికి.

"వచ్చాను. చెయ్యి ఇవ్వండి."

చచ్చుబడిన ఆ చేతిని ఆమె ఒళ్ళోకి తీసుకుంది.

"మెల్లగా నడువు. నీతో సమానంగా రాలేను."

"మెల్లగానే వస్తున్నాను."

"కాలు కదిలిందా? నిజం చెప్పు."

ఆమె దుప్పటి ఎత్తి చూసింది. పాదం పక్కకు వాలి, పెట్టినచోటే ఉంది.

"లేదండీ."

"అయితే నన్ను కళ్ళు తెరవమనకు. ఇక్కడ మనిద్దరం నడుస్తున్నాం."