మా సెల్లెలు రాసిన మాటలు

"అవ్వా, నీ ఫోన్లో చిన్నవ్వ రాసినవి ఒగటీ లేవే, యాడికి పోయినాయి?"

యాడికి పోయినాయా... నేనే తీసేయించినా పాపా. ఇట్ల కూసో, సెప్తా.

మీ చిన్నవ్వ, అదే నా సెల్లెలు, మూడో తరగతి కాడనే బడి మానేసింది. నేనేమో ఎనిమిది పాసు, ఆ కాలానికి అది పెద్ద సదువే మే. దాన్ని కార్వేటినగరం ఇచ్చినాక జాబులన్నీ దాని మొగుడే రాసేవాడు. కార్డు పదహైదు పైసలు. కాదు కాదు, మొదుట్లో పదే. ఏం రాసేవాడు? 'ఇచ్చట మేమందరమూ క్షేమము, అచ్చట మీరందరూ క్షేమమని తలుస్తాము.' ఎప్పుడు సూసినా అదే. దాంట్లో నా సెల్లెలు యాడుండాదా అని ఎతుక్కునేదాన్ని.

ఇంగ ఈ ఫోన్లొచ్చినాక, దాని మనవరాలు నేర్పిస్తే, అరవై దాటినాక అదే సొంతంగా రాయబట్టింది. ఒత్తులు సగం ఉండవు, వాక్యం కడాకు సుక్క ఉండదు. 'అకా తినావా మోకాలు ఎట్ల ఉండాది పొదున్నుంచి నువే మతికొస్తా ఉండావు' అని. నోటితో ఎట్లంటాదో అట్లే. నేనేమో పెద్ద పంతులమ్మ మాదిరి దిద్ది దిద్ది తిరిగి పంపేదాన్ని. 'అర్తమైంది గదా, ఇంగేం గావాల నీకు' అనేది. తెల్లారి మొగం గూడా కడుక్కోకముందే దాని మాటలే సూసుకునేదాన్ని, నిజం సెప్తా.

పోయిన ఆడికృత్తిక పండగ ముందర దాని ఫోన్నుంచే కబురొచ్చింది. రాసింది దాని కొడుకు. 'అమ్మ పోయింది పెద్దమ్మా' అని. మనోళ్లల్లో సావు జాబొస్తే ఇంట్లోకి తేరు గదా, వాకిట్లోనే సదివి, చించి పారేసి, నెత్తిన నీళ్లు పోసుకోని లోపలికొస్తారు. మా నాయన పోయినబ్బుడు గూడా అట్లే చేస్తిమి. ఫోను పట్టుకోని నేనూ బయటికొస్తి. వాకిట్లోనే నిలబడి, పక్కింటి పిల్లను పిల్సి, ఇది ఉండకూడదు తీసేయ్ మే అంటి. ఆ పిల్ల మొత్తం తీసేసింది. నేను పోయి నీళ్లు పోసుకుంటి.

కర్మంతరం అయినాక దాని మాటలు సూసుకుందామని తెరిస్తే ఏముండాది, ఖాళీ. సావు కబురొక్కటే పోతాదనుకుంటి గాని, అది ఐదేండ్లు రాసిందంతా దాంతోపాటు పోతాదని నాకు తట్టలే. దాని ఫోన్లో ఉంటాయేమోనని అడిగితే, అది గూడా అంతా తుడిచేసి ఎవురికో ఇచ్చేసినారంట.

మతికుండేటివన్నా రాసి పెట్టుకుందామని నోటుబుక్కు తీసినా. ఈ పాడు సెయ్యి ఊరుకోదే. నాకు తెలీకుండానే ఒత్తు పెట్టేస్తాది. సదువుకుంటే నేను రాసినట్లే ఉండాది గాని, దాని గొంతు ఇనపళ్లేదు. నాలుగు పేజీలు రాసి నిలిపేస్తి.

ఏడ్సాకు, నేనే ఏడ్సడం లేదు. నువ్వు తిరపతి హాస్టలు నుంచి రాస్తావు సూడు, తెలుగును ఇంగ్లీసు అచ్చరాలతో, సగం మాటలు మింగేసి. సదవలేక తిట్టినా గదా నిన్ను. ఇంగ తిట్టను. నీకెట్లొస్తే అట్ల రాయి నా తల్లీ, నేను కూడబలుక్కోని సదువుకుంటా. నూరేండ్లు సల్లగుండు. ఆ తుడిచేది యాడుంటాదో మాత్రం నాకు సూపించాకు.